‘లె లొ’ ఎందుకు కుదరదు? స్పానిష్‌లో రెండు చిన్న మాటల వెనక ఉన్న పెద్ద కథ

తెలుగులో “పుస్తకం రవికిచ్చావా?” అని ఎవరైనా అడిగితే “ఇచ్చాను” అంటే సరిపోతుంది. ఏది ఇచ్చావు, ఎవరికి ఇచ్చావు అన్న రెండు సంగతులూ విన్నవాళ్లకు తెలుసు కాబట్టి వాటిని వదిలేస్తాం. స్పానిష్‌లో అలా వదిలేయడం కుదరదు. “సె లొ ది” అనాలి. ఇందులో ‘ది’ అంటే ‘ఇచ్చాను’, ‘లొ’ అంటే ‘దాన్ని’, ‘సె’ అంటే ‘అతనికి’. మాటలు చిన్నవే గానీ ఆ ‘సె’ దగ్గర స్పానిష్ నేర్చుకునే ప్రతివాళ్లూ ఆగిపోతారు. ‘అతనికి’ అనడానికి స్పానిష్‌లో ఉన్న మాట ‘లె’. పక్కన ‘లొ’ వచ్చేసరికి అది ‘సె’గా మారిపోతుంది. ఎందుకలా అంటే చాలా పాఠ్యపుస్తకాలు “అది నియమం, గుర్తుపెట్టుకోండి” అని ముందుకు వెళ్లిపోతాయి. గుర్తుపెట్టుకోవడం ఎలాగూ తప్పదు. కాకపోతే ఈ నియమానికి కారణం ఉంది, ఆ కారణం తెలిస్తే భాషలు ఎలా పనిచేస్తాయో కొంత అర్థమవుతుంది.

ముందు మామూలు సంగతి చూద్దాం. “మి మాద్రె మె దియో ఎల్ లీబ్రొ” అంటే మా అమ్మ నాకు పుస్తకం ఇచ్చింది. పుస్తకం అన్న మాట మళ్లీ అనకుండా ‘దాన్ని’ అనాలంటే “మె లొ దియో”. నీకు ఇచ్చింది అనాలంటే “తె లొ దియో”, మాకు అయితే “నోస్ లొ దియో”. వస్తువు స్త్రీలింగం అయితే ‘లొ’ బదులు ‘లా’. పుచ్చుకునే మనిషి ముందు, వస్తువు తర్వాత, రెండూ క్రియకు ముందు. ఇంతవరకూ చిక్కేమీ లేదు. మరీయా అనే మూడో మనిషికి ఇచ్చింది అన్నప్పుడే చిక్కంతా. “లె లొ దియో” తప్పు, “సె లొ దియో” ఒప్పు.

రెండు ‘ల’లు పక్కపక్కన పడితే పలకడం కష్టమని, వినడానికి బాగుండదని కొందరు చెబుతారు. ఈ వివరణ నిలవదు. ‘సమాంతరం’ అనడానికి స్పానిష్ మాట ‘పరలేలొ’, అందులో ‘లేలొ’ హాయిగా ఉంది. తెలివితక్కువవాణ్ణి ‘లేలొ’ అనే అంటారు. ఆ మాట పలకడానికి ఏ స్పానిష్ నాలుకా తడబడదు. అసలు కారణం కోసం స్పానిష్‌కు తల్లి అయిన లాటిన్ దాకా వెళ్లాలి.

లాటిన్‌లో ‘అతనికి’ అంటే ‘ఇల్లీ’, ‘అతన్ని, దాన్ని’ అంటే ‘ఇల్లుమ్’. జనం నోట్లో నలిగి, ఊనిక లేక, విడిగా వాడినప్పుడు రెంటికీ మొదటి అచ్చు రాలిపోయింది. ‘ఇల్లీ’ ఒంటరిగా ఉన్నప్పుడు ‘లి’ అయి, చివరికి ‘లె’గా స్థిరపడింది. కానీ ‘ఇల్లీ ఇల్లుమ్’ కలిసి వచ్చినప్పుడు ‘ఈ’ పక్కన ఇంకో అచ్చు పడింది. మన యడాగమ సంధి తెలిసినవాళ్లకు ఇక్కడేం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మధ్యలో ‘య’ ధ్వని పుట్టి, ‘ల్యెలొ’ లాంటి ఉచ్చారణ వచ్చింది.

పాత స్పానిష్‌లో ‘ల్య’ ఎక్కడ పుట్టినా ఒకే దారి పట్టింది. లాటిన్‌లో కొడుకు ‘ఫీలియుమ్’, పాత స్పానిష్‌లో అది ‘ఫిజొ’ అయింది, ఇవాళ ‘ఈహొ’. స్త్రీ అనే అర్థంలోని ‘ములియేరెమ్’ ఇవాళ ‘ముహేర్’. పాతకాలపు ఆ ‘జ’ మన జడలోని జ లాంటిది కాదు. టెలివిజన్ అనే ఇంగ్లిష్ మాటను ఇంగ్లిష్‌వాళ్లు పలికేటప్పుడు మధ్యలో వినిపించే శబ్దం అది. అదే దారిలో ‘ల్యెలొ’ కూడా ‘జెలొ’ అయింది. 1200 ప్రాంతపు ‘మియో సిద్’ వీరకావ్యంలో, ఆ తర్వాత 13వ శతాబ్దంలో రాజు పదో అల్ఫోన్సో ఆస్థానంలో రాసిన గద్యంలో ‘అతనికి దాన్ని’ అనే చోట కనిపించేది ఈ ‘జెలొ’నే. అంటే ‘లె’, ‘జె’ ఒకే మాటకు రెండు రూపాలు. ఒకటి ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చేది, మరొకటి అచ్చు ముందు వచ్చేది. స్పానిష్ చరిత్రలో ‘లె లొ’ అనే జంట మామూలు వాడుకలో ఎన్నడూ లేదు. లేనిదాన్ని ఎవరూ నిషేధించనక్కర్లేదు.

మరి ‘జె’ ఎప్పుడు ‘సె’ అయింది? 15, 16 శతాబ్దాల్లో స్పానిష్‌లో ఊష్మాల (స, శ లాంటి శబ్దాల) వ్యవస్థ కదిలిపోయింది. అప్పటి ‘స’ను నాలుక కొనతో పలికేవారు, వినడానికి కొంచెం ‘శ’లా ఉండేది. ఉత్తర, మధ్య స్పెయిన్‌లో ఇప్పటికీ ఆ ‘స’ వినిపిస్తుంది. ఇది టెలివిజన్ ‘జ’కూ, దాని జంట అయిన ‘శ’కూ దగ్గరగా ఉండటంతో మాటలు ఒక వరసలోంచి మరో వరసలోకి జారాయి. కత్తెరను పూర్వం ‘తిసేరాస్’ అనేవారు, అది ‘శ’ వరసలోకి జారి ఇవాళ ‘తిహేరాస్’ అయింది. లాటిన్‌లో ‘స’తో మొదలయ్యే సబ్బు మాట ఇవాళ స్పానిష్‌లో ‘హబోన్’. మన ‘సబ్బు’కూ ఆ లాటిన్ మాటకూ చుట్టరికం ఉంది.

శబ్దాల జారుడు ఒక్కటే అయితే ‘జె’ ఎటు పోయేదో చెప్పలేం. పక్కనే దాన్ని లాగేసుకోవడానికి సిద్ధంగా ఇంకో ‘సె’ ఉంది. ‘తనను తాను’, ‘తనకు తాను’ అనే అర్థంలో స్పానిష్‌లో ఎప్పటినుంచో ఉన్న ‘సె’ అది. “సె లొ కోమియో”, అంటే దాన్ని పూర్తిగా తినేశాడు, లాంటి వాక్యాల్లో ‘సె లొ’ అనే జంట అప్పటికే జనం నోట్లో నానుతోంది. ‘జెలొ’ వచ్చి అందులో కలిసిపోయింది. 15వ శతాబ్దంలో రెండూ పోటీపడ్డాయి, 16వ శతాబ్దంలో ‘సె లొ’ గెలిచింది. అమెరికా ఖండానికి వలస వెళ్లిన స్పానిష్‌లో స్థిరపడిందీ అదే.

లాటిన్ నుంచే పుట్టిన చుట్టాల ఇళ్లలో పాత రూపం ఇంకా బతికే ఉంది. ఇటాలియన్‌లో ఈ జంటను ‘ల్యేలొ’ అంటారు. పోర్చుగీసులో రెండూ కలిసి ‘ల్యు’ అనే ఒక్క ముక్కే మిగిలింది. స్పానిష్ మాత్రం ఈ తోబుట్టువులను వదిలి ‘సె’ వేషం వేసింది.

ఈ మార్పు వల్ల నష్టం కూడా జరిగింది. ‘లె’ ఏకవచనం, బహువచనంలో ‘లెస్’. ‘సె’ అయ్యాక ఆ తేడా పోయింది. “సె లొ ది” అంటే అతనికి ఇచ్చాను, ఆమెకు ఇచ్చాను, వాళ్లకు ఇచ్చాను, గౌరవంగా ‘మీకు’ ఇచ్చాను, వీటిలో ఏదైనా కావచ్చు. సందర్భం చాలకపోతే చివర “ఆ ఎయా” (ఆమెకు) అనో “ఆ ఉస్తేదెస్” (మీ అందరికీ) అనో తగిలిస్తారు. లాటిన్ అమెరికా జనం ఇంకో ఉపాయం కనిపెట్టారు. ఒక సంగతిని చాలామందికి చెప్పినప్పుడు “సె లొస్ దిహె” అంటారు. చెప్పింది ఒక్క సంగతే కాబట్టి లెక్కప్రకారం ‘లొ’ ఉండాలి. వినేవాళ్లు బహువచనమని చూపించడానికి ‘సె’ మీద చోటు లేక, ఆ బహువచనపు ‘స్’ని పక్కనున్న ‘లొ’ మీద పెట్టారు. వ్యాకరణవేత్తలు మొదట దీన్ని తప్పన్నారు. ఇప్పుడు మెక్సికో మొదలుకొని చాలా దేశాల్లో చదువుకున్నవాళ్ల మాటలోనూ వినిపిస్తుంది. నాకైతే ఇది పోయిన అర్థాన్ని తిరిగి తెచ్చుకున్న పనిలా కనిపిస్తుంది, తప్పు అనాలనిపించదు.

ఈ ‘మె’, ‘లె’, ‘లొ’లను పుస్తకాల్లో సర్వనామాలనే అంటారు. మన నాకు, వాడికి, దాన్ని లాంటివే అనుకుంటాం. వాటి నడవడిక చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. “ఎవరికిచ్చింది?” అంటే మనం “నాకు” అని ఒంటిమాటగా జవాబు చెప్పొచ్చు. స్పానిష్‌లో “మె” అని చెప్పలేరు, “ఆ మీ” అనాలి. “నీకు ఎప్పుడూ చెబుతూనే ఉంటాను” అనేటప్పుడు ‘సియేంప్రె’ (ఎప్పుడూ) అన్న మాటను ‘తె లొ’కూ క్రియకూ మధ్యలో పెట్టనివ్వరు. “సియేంప్రె తె లొ దిగొ” అనాల్సిందే. పైగా “ఆ మీ మె లొ దియో” అన్నప్పుడు ‘నాకు’ రెండుసార్లు వస్తుంది, అయినా అది పునరుక్తి కాదు. అక్కడ ‘ఆ మీ’ ఉంటే ‘మె’ ఉండి తీరాలి.

ఇలాంటిది మనకు బాగా తెలుసు. “నేను వచ్చాను” అంటాం. చివర ఉన్న ‘ను’ కూడా నేనే. “నువ్వు వచ్చావు”లో చివరి ‘వు’ నువ్వే. కర్త గుర్తు క్రియకు అతుక్కుని ఉంటుంది కాబట్టి, ‘నేను’ అన్నా అనకపోయినా ఆ ‘ను’ మాత్రం పోదు. స్పానిష్ కర్త విషయంలో మనలాగే చేస్తుంది, కర్మ విషయంలో కూడా అదే పని మొదలుపెట్టింది. ‘మె’, ‘లె’, ‘లొ’లు మాటలుగా పుట్టి ప్రత్యయాలుగా మారే దారిలో ఉన్నాయి. విడివిడిగా రాయడం వల్ల అది మన కంటికి కనిపించదు. ఆజ్ఞార్థకంలో మాత్రం రాతలోనూ కలిసిపోతాయి. “దామెలొ”, అంటే అది నాకివ్వు, ఒకే మాట.

దీనికి మంచి సాక్ష్యం పల్లెల మాటలో దొరుకుతుంది. “మీరు అది నాకివ్వండి” అని పలువురితో అనాలంటే ప్రామాణిక రూపం “దేన్‌మెలొ”. అందులోని ‘న్’ క్రియకున్న బహువచన గుర్తు. స్పెయిన్‌లోనూ అమెరికాలోనూ చాలా ప్రాంతాల్లో జనం దీన్ని “దేమెలొన్” అంటారు. బహువచనపు ‘న్’ క్రియను వదిలి, ‘మె’నూ ‘లొ’నూ దాటి చిట్టచివరికి వెళ్లింది. ‘దేమెలొ’ అంతా ఒకే క్రియారూపమని వాళ్ల మనసు నమ్మకపోతే బహువచనం అక్కడికి చేరేది కాదు.

ప్రత్యయాలన్నాక వరస ఉంటుంది. స్పానిష్‌లో ఆ వరస ఏమిటో భాషాశాస్త్రవేత్త డేవిడ్ పెర్ల్‌మట్టర్ 1971లో సూత్రంగా చెప్పాడు: ముందు ‘సె’, తర్వాత మధ్యమ పురుష (‘తె’), తర్వాత ఉత్తమ పురుష (‘మె’), చివర ప్రథమ పురుష (‘లె’, ‘లొ’). ‘ఎవరికి, దేన్ని’ అన్న ప్రశ్నలతో ఈ వరసకు పనిలేదు, ఆకారం చూసి వరస. చేతిలోంచి ఏదైనా జారిపోతే “సె మె కాయో” అంటారు. అది పడింది, ఆ పడటం నా వల్ల, నాకు జరిగింది అని భావం. కొందరు దాన్నే “మె సె కాయో” అంటే బడిలో టీచర్లు దిద్దుతారు. దిద్దడానికి స్పెయిన్‌లో అందరికీ తెలిసిన మాట ఒకటి ఉంది: నెల కంటే వారం ముందు. వారం ‘సెమాన’, నెల ‘మెస్’. కాబట్టి ‘మె’ కంటే ‘సె’ ముందు.

ఇక అన్నిటికంటే లోతైన సంగతి. “వాళ్లు ఆమెను నాకు పరిచయం చేశారు” అనడానికి “మె లా ప్రెసెంతారొన్” అంటే చాలు. దీన్ని తిరగేసి “నన్ను ఆమెకు పరిచయం చేశారు” అనబోతే మాత్రం ఎక్కువమంది ‘మె’నూ ‘లె’నూ కలిపి వాడరు. “మె ప్రెసెంతారొన్ ఆ ఎయా” అని ‘ఆమెకు’ అన్నదాన్ని విడిగా నిండుమాటగా చెబుతారు. తెలుగులో ఈ రెండు వాక్యాల మధ్య ఏ ఇబ్బందీ లేదు. స్పానిష్‌లో ఒకటి సాఫీ, రెండోది అడ్డు. పుచ్చుకునేవాళ్లను చిన్న మాటతో చెప్పినప్పుడు, ఇచ్చే వస్తువు స్థానంలో ‘నేను’, ‘నువ్వు’ కూర్చోకూడదని దీని సారం. ఫ్రెంచిలోనూ ఇదే అడ్డు. స్పానిష్‌తో ఏ చుట్టరికమూ లేని బాస్క్, జార్జియన్ భాషల్లోనూ ఇదే. భాషాశాస్త్రవేత్త యూలాలియా బోనెట్ 1991లో, లాటిన్ నుంచి పుట్టిన కాటలాన్ వంటి భాషల మీద చేసిన పరిశోధనలో దీన్ని స్పష్టంగా సూత్రీకరించింది. మరో భాషాశాస్త్రవేత్త మార్టిన్ హాస్పెల్మాత్ 2004లో దీనికి వాడుకలోంచి కారణం చెప్పాడు. మనం ఇచ్చేవి ఎక్కువగా వస్తువులు, పుచ్చుకునేవాళ్లు మనుషులు. ‘నన్ను ఆమెకు’ ఇచ్చే సందర్భాలు అరుదు. తరచూ వాడే జంటలే నలిగి ప్రత్యయాలుగా గట్టిపడతాయి, అరుదైనవాటికి ఆ అవకాశం రాదు.

మాట్లాడే ఇద్దరినీ ఒక వైపు, మిగతా లోకాన్ని ఇంకో వైపు పెట్టే ఈ గీత మన ద్రావిడ భాషల్లోనూ ఉంది. మలయాళంలో నాకు ఇచ్చాడు అనాలంటే “ఎనిక్కు తన్ను”, వాడికి ఇచ్చాడు అనాలంటే “అవను కొడుత్తు”. పుచ్చుకునేది నేనో నువ్వో అయితే ఒక క్రియ, మూడో మనిషి అయితే వేరే క్రియ. మన ‘తెచ్చు’ ఆ ‘తన్ను’ ధాతువు వంశంలోదే. తెలుగులో ఇవ్వడానికి ఒక్క ‘ఇచ్చు’ మిగిలి, అది అందరికీ చెల్లింది. ఒడిశాలో, ఆంధ్ర ఏజెన్సీలో మాట్లాడే కువి, దాని దగ్గరి బంధువు కుయి ఇంకో అడుగు ముందుకెళ్లాయి. పని నా మీదో నీ మీదో జరిగితే, లేదా నాకో నీకో చెందితే, ఆ సంగతి చూపే ప్రత్యయం క్రియలోనే చేరుతుంది. మూడో మనిషి అయితే ఆ ప్రత్యయం రాదు. స్పానిష్‌లో ‘మె’, ‘తె’లు పక్కన ఎవరున్నా తమ రూపం మార్చుకోకపోవడం, ‘లె’ ఒక్కటే ‘లొ’ పక్కన తన రూపం పోగొట్టుకోవడం చూస్తే, అక్కడ కూడా గీత ఇదే చోట పడిందని తెలుస్తుంది.