ఎగ్మోర్ కాలిపర్ల నుంచి ఉమ్మి గొట్టం దాకా

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హేస్టింగ్స్ అని ఓ చిన్న ఊరు. అక్కడి పోలీసు సార్జెంటు ఒకాయన 2016లో డీఎన్‌ఏ పూర్వీకుల టెస్టు చేయించుకున్నాడు. చూడ్డానికి తెల్లవాడు, పుట్టిన దగ్గర్నుంచీ తెల్లవాడిగానే బతికినవాడు. రిపోర్టులో 18 శాతం ఆఫ్రికా మూలం అని వచ్చింది. ఆ సంగతి స్టేషన్లో చెప్పాడు. అప్పట్నుంచి తనను ఒక బానిస పాత్ర పేరుతో పిలుస్తూ ఏడిపించారనీ, స్టేషన్లోని క్రిస్మస్ చెట్టుకు తన పేరిట వేలాడదీసిన మేజోడులో 18 శాతం అని రాసిన నల్ల శాంటా బొమ్మ పెట్టారనీ 2017లో ఊరి పాలక సంస్థ మీద కేసు వేశాడు. జోకులు మొదలుపెట్టింది ఆయనేనని అటువైపు వాదన. 2018లో 65 వేల డాలర్లకు రాజీ కుదిరింది.

ముఖం మారలేదు, రంగు మారలేదు, చేసే డ్యూటీ మారలేదు. పక్కవాళ్లకు ఒక సంగతి తెలిసింది, అంతే. చెన్నై ఓఎంఆర్ రోడ్డు మీద ఐటీ ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. కులం ముఖం మీద రాసి ఉండదు కాబట్టి కాఫీ మిషన్ దగ్గర కూపీ లాగుతారు: ఇంటిపేరేంటి, సొంతూరేది, ఊళ్లో ఏ వీధి. చనువు కాస్త ఎక్కువైతే "మీరేమిట్లు?" అని నేరుగానే అడిగేస్తారు. జవాబు తెలిశాక కొందరి మాటతీరు మారుతుంది. తమిళ సహోద్యోగి ఎవరైనా మనల్ని "గొల్టి" (తెలుగువాళ్లను ఎగతాళి చేసే మాట) అంటే మండిపడేవాళ్లే ఈ ఆరా తీయడంలో ముందుంటారు. ఇప్పుడు ఈ కూపీకి ల్యాబ్ రిపోర్టు కూడా తోడవుతోంది. హైదరాబాద్‌లో, చెన్నైలో పూర్వీకుల టెస్టులు అమ్మే కంపెనీలున్నాయి. అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కో చేయించుకుని ఫ్యామిలీ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెడితే, మన సంగతి కూడా సగం బయటపడ్డట్టే.

మనుషుల్ని కొలిచి "నువ్వు ఫలానా" అని తేల్చే పని ఈ చెన్నై నగరంలో చాలా కాలం కిందటే మొదలైంది. అయితే తొలి అడుగులో కొలతలు లేవు, భాష ఉంది. 1816లో మద్రాసు కలెక్టరు ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్, తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని, అవి వేరే కుటుంబమని, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి జోడించిన వ్యాసంలో చూపించాడు. అది భాషల చుట్టరికం గురించిన మాట. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో భాషా కుటుంబం కాస్తా రక్తసంబంధం అయిపోయింది. ద్రావిడ భాష మాట్లాడేవాడు ద్రావిడ జాతివాడు అనే మాట పుస్తకాల్లోకి, జనాభా లెక్కల్లోకి, తర్వాత మన రాజకీయాల్లోకి వచ్చి చేరింది.

కొలతలు తెచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ. ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది ముక్కు సూచిక. అది ఎంత తక్కువైతే కులం అంత పైది అని ఆయన సూత్రం. రెండో ఆయన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్. ఎగ్మోర్‌లో పాంథియన్ రోడ్డు మీద ఇప్పటికీ స్కూలు పిల్లల్ని తీసుకెళ్లే మ్యూజియమే అది. 1885లో వచ్చి 1908 దాకా ఉన్నాడు. కాలిపర్లు అనే కొలత పట్టకార్లు, టేపు, చేతి పట్టు చూసే యంత్రం వెంటబెట్టుకుని ప్రెసిడెన్సీ అంతా తిరిగాడు. దారిన దొరికినవాళ్లను ఆపి తల, ముక్కు, భుజం కొలిచాడు. రంగాచారి సాయంతో 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. వాటి ముందుమాటలో ఓ ముచ్చట ఉంది. వయనాడులో పణియ తెగ స్త్రీలు ఆయన్ను చూసి పరుగెత్తారట. తమలో దిట్టంగా ఉన్నవాళ్లను పట్టుకుపోయి, కూరి, మ్యూజియంలో బొమ్మలుగా నిలబెడతాడని వాళ్ల భయం. అది కుదిరితే ఎంత బాగుండును, నమూనాల కోసం వెతుక్కునే బాధ తప్పేది అని దొరగారు సరదాగా రాసుకున్నాడు. సరదా ఆయనకి. ఆ స్త్రీలు కాలిపర్లు ఎవరి చేతిలో ఉన్నాయో సరిగ్గానే అర్థం చేసుకున్నారని నా అభిప్రాయం.

రిస్లీ ముక్కు సూత్రం దక్షిణాదిలో నిలబడదని 1932లోనే సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే తేల్చి చెప్పాడు. ఈలోగా జరగాల్సింది జరిగిపోయింది. పుట్టుకను బట్టి గుణం అనే ఇదే లెక్కతో కొన్ని కులాలకు కులమంతటికీ నేరస్థుల ముద్ర వేసిన చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ గట్టిగా అమలైంది. అప్పటి గుంటూరు జిల్లా స్టూవర్టుపురంలో ఎరుకలవారి కోసం పెట్టిన సెటిల్‌మెంటు దాని ఫలితమే. చట్టం 1952లో పోయింది. ఊరి పేరు చెబితే ఉద్యోగమిచ్చేవాడి కనుబొమలు లేవడం ఆ ఏడాదితో ఆగలేదు.

సముద్రం అవతల అదే రోజుల్లో మరో తగాదా నడిచింది. భగత్ సింగ్ థిండ్ పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. బయటి నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకు, ఆఫ్రికా మూలాలవాళ్లకు మాత్రమే పౌరసత్వం అనే రూలు ఉంది కాబట్టి, తాను ఆర్యుణ్ణని, మానవశాస్త్రం ప్రకారం కాకేసియన్‌నని వాదించాడు. దానికి బలంగా, పెళ్లి విషయంలో తెల్ల అమెరికన్ నల్లవాళ్లను ఎలా చూస్తాడో అగ్రకులాల హిందువు ఇక్కడి ఆదివాసుల్నీ అలాగే చూస్తాడని ఆయన తరఫున కోర్టులో రాసిచ్చారు. చదువుతుంటే సిగ్గేస్తుంది, కానీ దాచాల్సిన సంగతి కాదు. 1922 నవంబర్లో ఒక జపనీయుడి కేసులో తెల్లవాడంటే కాకేసియన్ అని చెప్పిన సుప్రీంకోర్టే, అదే జడ్జి సదర్లాండ్ చేత, 1923 ఫిబ్రవరిలో థిండ్ కేసులో మాట మార్చింది. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు మనిషి కంటికి నువ్వు తెల్లవాడివి కావు అంది. అంతకుముందు పౌరసత్వం వచ్చిన భారతీయులకు కూడా రద్దు చేయడం మొదలుపెట్టారు.

భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో అడుగుపెట్టింది ఆ ఏడాది అక్టోబర్లోనే. ఖద్దరు వేసుకున్నందుకు ఇక్కడ దొర ప్రొఫెసర్ కోపానికి గురై ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్‌ డిగ్రీతో సరిపెట్టుకున్న మనిషి, అక్కడికెళ్లి హాస్పిటల్లో రాత్రిపూట పోర్టరుగా పనిచేశాడు. భారతీయులు పౌరులయ్యే వీలు 1946లో గానీ రాలేదు. ఆయన 1948లో పోయారు. జనాభా లెక్కల్లో మనవాళ్ల జాతి 1920 నుంచి 1940 దాకా "హిందూ", 1970లో తెల్లవారు, 1980 నుంచి "ఏషియన్ ఇండియన్". మనుషులు వాళ్లే, గడి మారుతూ వచ్చింది.

1972లో జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉందని లెక్కగట్టాక జాతి అనే మాటకు శాస్త్రంలో పట్టు సడలింది. మన విషయంలో ముఖ్యమైన పని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జరిగింది. లాల్జీ సింగ్, తంగరాజ్ హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో 25 సమూహాలను చూశారు. అందులో అధిక భాగం ఉత్తర, దక్షిణ మూలాల కలయికే అని తేలింది. పాళ్లలోనే తేడా. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా సాగి, తర్వాత కులంలోనే పెళ్లిళ్లతో మూసుకుపోయిందని 2013లో ఇంకో పరిశోధన చెప్పింది. అంటే కులం జన్యువుల్లో కనిపిస్తున్నది పెళ్లి సంబంధాల కంచె వల్ల. ఆర్యవైశ్యులు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. మత్తు ఇచ్చేటప్పుడు వాడే సక్సినైల్‌కోలీన్ అనే మందును కరిగించే ఎంజైము వాళ్లలో కొందరికి సరిగా ఉండదు. ఆపరేషన్ అయ్యాక ఊపిరి తీసే కండరాలు ఆలస్యంగా తేరుకుంటాయి. డాక్టరు కులం అడగడానికి నాకు తెలిసిన న్యాయమైన కారణం ఇలాంటిదే. మేనేజరుకు అలాంటిదేమీ లేదు.

ఇక అమ్మకానికొచ్చిన టెస్టు. 23అండ్‌మీ 2007లో కిట్లు అమ్మడం మొదలుపెట్టింది, యాన్‌సెస్ట్రీ 2012లో. గొట్టంలో ఉమ్మి పంపితే లక్షల చోట్ల డీఎన్‌ఏ అక్షరాలు చదివి, తమ దగ్గరున్న నమూనాలతో పోలుస్తారు. నమూనాలు ఎక్కువగా ఐరోపా మూలాలవాళ్లవి కాబట్టి మొదట్లో మనకు దక్షిణాసియా అనే ఒక్క ముద్దే వచ్చేది. నమూనాలు పెరిగితే శాతాలూ మారతాయి. అన్నాచెల్లెళ్లకే ఒకేలా రావు. పది తరాల పైన ఉండే 1,024 మంది పూర్వీకుల్లో చాలామంది జాడ మన డీఎన్‌ఏలో మిగలనే మిగలదు.

ఆ శాతాలతో ఉద్యోగం, వ్యాపారం సాధించవచ్చా అని కూడా ఒకరు చూశారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇన్సూరెన్స్ వ్యాపారి ఒకాయన 4 శాతం ఆఫ్రికా, 6 శాతం అమెరికా ఆదివాసి అన్న రిపోర్టుతో మైనారిటీ కాంట్రాక్టుల గుర్తింపు అడిగాడు. రాష్ట్ర పథకంలో ఇచ్చారు, ఫెడరల్ పథకంలో కుదరదన్నారు. 2018లో అప్పీల్ కోర్టు కూడా కుదరదనే అంది. థిండ్‌ను బయట నిలబెట్టిన చూపే ఇక్కడా పనిచేసింది, ఈసారి న్యాయంగా. వివక్ష ఎదురయ్యేది శాతానికి కాదు, ఆ శాతంగా జనం చూసే మనిషికి. హేస్టింగ్స్ సార్జెంటును ఎవరూ మైనారిటీగా చూడలేదు, తెలిసేదాకా.

తెలియడం అనేది మనవాళ్ల కథలో మరీ పదునైనది. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం టెక్ కంపెనీ సిస్కో మీద వేసిన కేసులో ఆరోపణ ఏమిటంటే, ఒక దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడని అక్కడ చదివిన సూపర్‌వైజరు సహోద్యోగులకు చెప్పాడని, అక్కణ్నుంచి అతన్ని పక్కనపెట్టారని. కంపెనీ ఖండించింది. 2023లో ఇద్దరు సూపర్‌వైజర్ల మీద కేసు ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ పాస్ చేసిన అలాంటి బిల్లును గవర్నర్ తిప్పి పంపాడు.

ఇక్కడ చూస్తే, జన్యు సమాచారాన్ని బట్టి ఉద్యోగిని వేరుగా చూడకూడదని అమెరికా 2008లో చట్టం చేసింది, మనకు అలాంటిది లేదు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీల చట్టం ఉంది. కానీ అప్రైజల్‌లో ఒక మెట్టు తగ్గించడం, క్లయింటు కాల్‌కి పిలవకపోవడం దాని కిందికి తేవడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుసు. డీఎన్‌ఏ వాడకాన్ని నియంత్రించే బిల్లును కేంద్రం 2023లో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, 2019 ముసాయిదాలో జన్యు సమాచారానికి ఇచ్చిన ప్రత్యేక హోదా తీసేశారు. ఇప్పుడు అది ఫోన్ నంబరుతో సమానం. ఉద్యోగ అవసరాల కోసం యజమాని సమ్మతి అడగకుండానే డేటా వాడుకోవచ్చని ఏడో సెక్షన్ అంటుంది. ఆఫీసు హెల్త్ క్యాంపులో ఇచ్చిన ఉమ్మి ఆ అవసరాల్లోకి వస్తుందో రాదో అందులో రాసి లేదు.