ఎస్ గడిలో మన చుట్టాలు

మా అన్నయ్య కూతురికి స్కూల్లో ఒక హోంవర్క్ ఇచ్చారు. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో గడి. ఆ అక్షరంతో మొదలై, సరిగ్గా అయిదక్షరాలుండే మాటలు గడికి పదేసి రాయాలి. ఎస్ గడి పది నిమిషాల్లో నిండిపోయి మార్జిన్‌లోకి పాకింది. వై దగ్గర పెన్సిలు ఆగిపోయింది. 'యెల్లో' అని రాసి, వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఆరు వచ్చేసరికి కొట్టేసింది. "బాబాయ్, వైకి యంగ్ ఒక్కటే దొరికింది. ఎస్‌కి మాత్రం ఇన్నెందుకున్నాయి?" అని అడిగింది.

పిల్ల అనుమానం నిజమే. వర్డిల్ ఆట చాలామంది ఆడే ఉంటారు. అయిదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో కనుక్కోవాలి. జోష్ వార్డల్ అనే ప్రోగ్రామర్ తన సహచరి పాలక్ షా కోసం తయారుచేసి, 2021 అక్టోబర్‌లో అందరికీ అందుబాటులో పెట్టాడు. ఇంగ్లీషులో అయిదక్షరాల మాటలు దాదాపు 12,000 ఉంటే, వాటిలో మామూలు మనుషులకు తెలిసినవేవో ఆమె కూర్చుని ఏరింది. అలా తేలిన మొదటి జాబితాలో 2,315 మాటలున్నాయి. 26 అక్షరాలకీ సమానంగా పంచితే తలా 89 రావాలి. కానీ ఎస్‌కి 366 వచ్చాయి, అంటే దాదాపు ఆరింట ఒకటి. రెండో స్థానంలో ఉన్న సికి 198. వైకి ఆరే ఆరు. ఎక్స్‌కి ఒక్కటీ లేదు.

కారణం మన నోట్లోనే ఉంది. ప, ట, క పలకాలంటే గాలిని ఒక్క క్షణం పూర్తిగా ఆపి వదలాలి. 'స్' అనడానికి ఆపక్కర్లేదు, ఊపిరి ఉన్నంతసేపూ సాగదీయవచ్చు. అందుకే దాని వెనక ఇంకో హల్లు సులువుగా వచ్చి కూర్చుంటుంది. బి తర్వాత హల్లు రావాలంటే ఎల్ గానీ ఆర్ గానీ రావాలి, బ్లాక్, బ్రెడ్ లాగా. ఎస్ తర్వాత మాత్రం టి, పి, కె, ఎల్, ఎమ్, ఎన్, డబ్ల్యూ అన్నీ వస్తాయి. ఇంగ్లీషు మాట మొదట్లో మూడు హల్లులు వరసగా రావాలంటే మొదటిది 'స్' అయి తీరాలి. కొబ్బరిబోండాంలో వేసే స్ట్రా, దోమల మందు స్ప్రే, తలుపు బందుకి బిగించే స్క్రూ, పాత సామాన్లవాడికి అమ్మే స్క్రాప్, గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ. ఈ అయిదూ మనం రోజూ వాడేవే, అయిదూ ఎస్ గడిలోవే.

వీటిని తెలుగులో రాస్తే నాకు భలే ముచ్చటగా ఉంటుంది. స్ట్రా రాసి చూడండి. సకారం, దాని కింద ట ఒత్తు, పక్కన ర ఒత్తు, పైన దీర్ఘం. ఇంగ్లీషువాళ్లకి అయిదు అక్షరాలు పట్టిన మాట మనకి ఒకే ఒక్క అక్షరం! స్ప్రే, స్క్రూ కూడా అంతే. అక్షరం అంటే వాళ్లకి ఒక గుర్తు. మనకి ఒక్క ఊపులో నోట్లోంచి వచ్చే శబ్దం మొత్తం.

ఎస్ గడిలో ఇంకా చిన్న చిన్న గుంపులున్నాయి. స్నిఫ్ అంటే వాసన చూడటం, స్నోర్ గురక, స్నార్ట్ ముక్కుతో బుస్సుమనడం, స్నౌట్ పంది మూతి. అన్నీ ముక్కు చుట్టూనే తిరుగుతాయి. శబ్దానికీ అర్థానికీ మధ్య ఇలా పడిపోయే ముడికి జె. ఆర్. ఫర్త్ అనే భాషాశాస్త్రవేత్త 1930లో ఒక పేరు పెట్టాడు. అంతకుముందు ఆయన లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్. అయితే స్నేక్, స్నెయిల్ కూడా ఈ గడిలోవే, వాటికీ ముక్కుకీ సంబంధం లేదు. ఇది నియమం కాదు, ఒక మొగ్గు, అంతే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టేసింది ఎస్, టి గుంపు. స్టాండ్, స్టూల్, స్టేజ్, స్టేట్. నాలుగింటికీ మూలం ఒకటే, 'నిలబడు' అనే అర్థమున్న అతి పాత ధాతువు. దాన్నుంచే సంస్కృతంలో స్థానం, స్థితి, స్థిరం వచ్చాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి పిల్లలై ఉండాలని విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి 1786లో కలకత్తాలో చెప్పింది ఇలాంటి పోలికలు చూసే. తెలుగు ఆ కుటుంబం కాదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో మద్రాసులో కలెక్టర్ ఎల్లిస్ దొర నిరూపించాడు.

కుటుంబం వేరు కాబట్టి నోటి అలవాటూ వేరు. అచ్చతెలుగు మాట జంట హల్లుతో మొదలవదు. వ్రాయు, త్రాగు, క్రింద లాంటి ర ఒత్తు మాటలు కొన్ని ఉండేవి, వాటినీ రాయడం, తాగడం, కింద చేసేసుకున్నాం. సంస్కృతం నుంచి వచ్చిన 'స్' జంటలకీ ఇదే జరిగింది. స్నేహం నెయ్యమైంది, స్థానం తానమైంది. ముందున్న సకారం రాలిపోయింది.

మా అమ్మమ్మ రైలు దిగి వస్తే "టేసను కాడ బండి దొరకలేదురా" అనేది. మామయ్యలు "స్టేషన్ అనాలమ్మా" అని దిద్దేవారు. ఆవిడ ఎన్నడూ మార్చుకోలేదు. స్టేషన్ కూడా ఆ 'నిలబడు' ధాతువు బిడ్డే, లాటిన్ మీదుగా వచ్చింది. అంటే వందల ఏళ్ల కిందట స్థానాన్ని తానం చేసిన తెలుగు నాలుకే, దాని చుట్టం రైలెక్కి మళ్లీ వస్తే టేసను చేసింది. బడి మొహం చూడని మా అమ్మమ్మ ఆ పాత పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించింది. ఈ సంగతి అప్పుడే తెలిసుంటే మామయ్యలకి చెప్పేవాణ్ణి.

ఇదంతా చెబితే పిల్ల ఎంతో ఆసక్తిగా విని, స్టేషన్ కూడా గడిలో రాయబోయింది. లెక్కపెడితే ఏడక్షరాలు. అయినా వదల్లేదు. వై గడి ఎలాగూ దాదాపు ఖాళీగా ఉందని, అందులో తెలుగులో వరసగా రాసుకుంది: స్థానం, తానం, స్టేషన్, టేసను.