పోట్లాడని ఎద్దు నుంచి తలకాయ కూర దాకా

1946 డిసెంబరు. బెర్లిన్‌లో సగం ఇళ్లకి పైకప్పులు లేవు, పొయ్యిలోకి బొగ్గు లేదు, రొట్టె కూడా రేషనే. ఆ చలిలో పిల్లలు ఒక పుస్తక ప్రదర్శన చూడటానికి వచ్చారు. వాళ్లకి ఇవ్వడానికి ఒక చిన్న కథ సిద్ధం చేసి పెట్టారు. వార్తాపత్రికలు అచ్చేసే కాగితం మీద ముద్రించిన కథ. అందులో ఫెర్డినాండ్ అనే ఎద్దు ఉంటుంది. మిగతా ఎద్దులు కుమ్ముకుంటుంటే అది చెట్టు కింద కూర్చుని పూలు వాసన చూస్తుంటుంది. ఎద్దుల పోటీకి లాక్కెళ్లి మధ్యలో నిలబెట్టినా పోట్లాడదు. మన్రో లీఫ్ అనే అమెరికన్ 1936లో రాసిన ఈ కథని యెల్లా లెప్‌మన్ అనే ఆవిడ రాత్రికి రాత్రి జర్మన్‌లోకి మార్చి, 30 వేల కాపీలు వేయించింది.

ఇప్పుడు మన దగ్గర ఏ టీచర్ ట్రైనింగుకి వెళ్లినా ఎంపతీ అన్న మాట వినిపిస్తుంది, అంటే అవతలివాళ్ల మనసులోకి వెళ్లి చూడటం. 2020 జాతీయ విద్యా విధానం చదువు లక్ష్యాల్లో కరుణ పక్కనే దాన్నీ చేర్చింది. కథల పుస్తకాలు దానికి దగ్గరి దారి అని రిసోర్స్ పర్సన్లు చెబుతుంటారు, మనం తలూపి నోట్ చేసుకుంటాం. ఆ దారి వెయ్యడం మొదలై ఎనభై ఏళ్లు కావస్తోంది. మధ్యలో ఎక్కడ మలుపు తిరిగినా కారణం ఒకటే ప్రశ్న: పుస్తకంలో ఉన్నది ఎవరు?

లెప్‌మన్ 1891లో స్టట్‌గార్ట్‌లో పుట్టిన యూదు. జర్నలిస్టు. చిన్న వయసులోనే భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. నాజీల ధాటికి 1936లో దేశం విడిచి లండన్ చేరింది. యుద్ధం అయిపోయాక 1945 అక్టోబరులో అమెరికా సైన్యం యూనిఫాంలో, స్త్రీల, పిల్లల వ్యవహారాల సలహాదారుగా అదే జర్మనీకి తిరిగొచ్చింది. తనని తరిమిన దేశపు పిల్లల కోసం పనిచెయ్యడం అంత తేలిగ్గా మింగుడుపడే విషయం కాదు. వచ్చాక ఆవిడ అడిగింది మాత్రం పుస్తకాలు. తిండికే దిక్కులేని చోట పుస్తకాలేమిటని అనుకున్నవాళ్లు తక్కువమంది అయి ఉండరు.

ఆవిడకి ఆ పట్టుదల ఎందుకో తెలియాలంటే ఆ పిల్లలు అప్పటిదాకా ఏం చదివారో చూడాలి. 1938లో నాజీ ప్రచారకుడు యూలియస్ స్ట్రైఖర్ ప్రచురణ సంస్థ 'విషపు పుట్టగొడుగు' అనే బొమ్మల పుస్తకం వేసింది. తల్లీ కొడుకూ అడవిలో పుట్టగొడుగులు ఏరుతుంటారు. ఏది మంచిదో, ఏది విషమో తల్లి ఓపిగ్గా చూపిస్తుంది. మనుషుల్లో కూడా అలాగే విషపువాళ్లు ఉంటారు, వాళ్లే యూదులు అని చెబుతుంది. రంగుల బొమ్మలు, సులువైన మాటలు, అమ్మ ఒడి. పిల్లల పుస్తకానికి ఏమేం కావాలంటామో అన్నీ ఉన్నాయి అందులో. యుద్ధం తర్వాత నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో దాన్ని సాక్ష్యంగా పెట్టారు. 1946 అక్టోబరులో స్ట్రైఖర్‌ని ఉరితీశారు. బెర్లిన్ పిల్లల చేతికి ఎద్దు కథ అందింది ఆ తర్వాత రెండు నెలలకి. కథలు చదివితే పిల్లలు మంచివాళ్లవుతారని ఎవరైనా గట్టిగా చెబుతుంటే నాకు ముందు ఈ పుట్టగొడుగులే గుర్తొస్తాయి.

దగ్గర డబ్బు లేదు కాబట్టి లెప్‌మన్ 20 దేశాలకి ఉత్తరాలు రాసింది. మీ పిల్లలు చదివే మంచి పుస్తకాలు పంపండి, ఈ యుద్ధంలో పిల్లల తప్పేమీ లేదు అని. చాలామంది సరే అన్నారు. బెల్జియం వల్ల కాదంది. ముప్ఫయ్యేళ్లలో రెండుసార్లు జర్మన్ సైన్యం కింద నలిగిన దేశం, కాదనడంలో ఆశ్చర్యం లేదు. ఆవిడ మళ్లీ రాసింది: మీ మీదికి మూడోసారి ఎవరూ రాకూడదంటే ఈ పిల్లలకి పుస్తకాలు పంపాల్సింది అందరికన్నా ముందు మీరే కదా అని. బెల్జియం మంచి పుస్తకాలు ఏరి మరీ పంపింది.

1946 జులై 3న మ్యూనిక్‌లో ఆ పుస్తకాలతో ప్రదర్శన తెరిచారు. 14 దేశాల నుంచి సుమారు 4 వేల పుస్తకాలు. పెట్టింది హిట్లర్ తన కాలపు 'జర్మన్ కళ' కోసం కట్టించిన భవనంలోనే. అక్కడి నుంచి స్టట్‌గార్ట్, ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్ తిరిగింది. ఆ పుస్తకాలకి ఒక శాశ్వతమైన ఇల్లు కావాలని పట్టుబట్టి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో 1949 సెప్టెంబరులో మ్యూనిక్‌లో అంతర్జాతీయ బాల గ్రంథాలయం తెరిపించింది. 1953లో జ్యూరిక్‌లో పిల్లల పుస్తకాల కోసం ఐబీబీవై అనే అంతర్జాతీయ సంస్థ మొదలైంది. ఏప్రిల్ 2 అంతర్జాతీయ బాలల పుస్తక దినం అవ్వడం కూడా వాళ్ల చలవే, 1967 నుంచి. మన బళ్లకి అది వార్షిక పరీక్షల సీజను, పుస్తకం అంటే టెక్స్ట్‌బుక్కే.

లెప్‌మన్ దృష్టిలో పుస్తకం దేశానికీ దేశానికీ మధ్య వంతెన. ఇంగ్లండు పిల్లాడి కథ జర్మన్ పిల్ల చదివితే వాడిని శత్రువు అనుకోదు. బాగానే ఉంది. ఒకే ఊళ్లో, ఒకే బడిలో, ఒకే బెంచీ మీద ఉన్న ఇద్దరి మధ్య వంతెన సంగతేమిటి? ఆ ప్రశ్న అమెరికాలో లేచింది. 1965 సెప్టెంబరులో నాన్సీ లారిక్ అనే ఆవిడ ఒక పత్రికలో వ్యాసం రాసింది. ఒక నర్సరీ బడిలో అయిదేళ్ల నల్లజాతి పాప బొమ్మల పుస్తకం చూస్తూ 'ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారు?' అని అడిగిందన్న సంగతితో అది మొదలవుతుంది. లారిక్ కూర్చుని లెక్కేసింది. 1962, 63, 64 సంవత్సరాల్లో అచ్చయిన 5,206 పిల్లల పుస్తకాల్లో ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించినవి 349. అంటే 6.7 శాతం. వాటిలో కూడా చాలావరకు అమెరికా బయటి కథలో, పాతకాలపు కథలో. తన కాలపు నల్లజాతి పిల్లల జీవితం ఉన్నవి మొత్తం మీద ఒక్క శాతానికి కూడా రాలేదు. ఈ లెక్క తెల్లపిల్లలకీ నష్టమే అని ఆవిడ రాసింది. లోకమంతా తమలాగే ఉంటుందని నమ్మి పెరుగుతారు కదా వాళ్లు.

ఆ తర్వాత పాతికేళ్లకి, 1990లో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రుడీన్ సిమ్స్ బిషప్ ఈ సంగతికి ఒక పోలిక చెప్పింది. పుస్తకం ఒక కిటికీ, అవతలివాళ్ల లోకం కనిపిస్తుంది. వెలుతురు సరిగ్గా పడితే అదే కిటికీ అద్దమవుతుంది, మన ముఖం మనకి కనిపిస్తుంది. ఒక్కోసారి జరిపే అద్దాల తలుపు, లోపలికి నడిచి వెళ్లొచ్చు. కొందరు పిల్లలకి అన్నీ అద్దాలే దొరుకుతున్నాయి, కొందరికి అన్నీ కిటికీలే. ఈ పోలిక ఇప్పుడు ప్రతి వర్క్‌షాపులో స్లైడుగా వేస్తారు. వేసి వేసి అరిగిపోయింది గానీ, దానివెనక ఉన్న కోపం మాత్రం స్లైడులో పట్టదు.

ఇక నిజంగా పనిచేస్తుందా అన్న సంగతి. ఇంగ్లండులో 2006లో ఒక అధ్యయనం వచ్చింది. అయిదు నుంచి పదకొండేళ్ల ఇంగ్లీషు పిల్లలు 253 మందితో చేశారు. అక్కడి పిల్లలూ శరణార్థి పిల్లలూ స్నేహితులుగా ఉండే కథలు వారానికోసారి, ఆరు వారాలు చదివి, కూర్చుని మాట్లాడుకున్నారు. శరణార్థుల మీద వాళ్ల అభిప్రాయం మెరుగుపడింది. అన్నిటికన్నా బాగా పనిచేసింది ఏమిటంటే, ఆ పిల్లాడు శరణార్థి అన్న సంగతి దాచకుండా చెబుతూనే, ఇద్దరూ ఒకే బడివాళ్లు అని కూడా గుర్తుచేసిన కథ. 'అందరం ఒకటే' అని తేడాలు తుడిచెయ్యడం కన్నా అది మేలని తేలింది. ఇటలీలో హ్యారీ పోటర్ పుస్తకాలతో అయిదో తరగతి పిల్లలు 34 మంది మీద చేసిన అధ్యయనం 2014లో బయటికొచ్చింది. తల్లిదండ్రులు మంత్రగాళ్లు కాని పిల్లల్ని మలిన రక్తం అంటూ తక్కువచేసే ఘట్టాలు చదివి చర్చించిన పిల్లలకి వలసవాళ్ల మీద చూపు మారింది. అయితే హ్యారీలో తమని చూసుకున్న పిల్లల్లోనే. పెద్దవాళ్లతో చేసిన ఒక ప్రసిద్ధ ప్రయోగం, మంచి సాహిత్యం కాసేపు చదివినా ఎదుటివాళ్ల మనసు పట్టుకోవడం పెరుగుతుందని 2013లో చెప్పింది. తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి పుస్తకం టానిక్కులాగా రెండు చెంచాలు పట్టే వ్యవహారం కాదు. బ్రిటన్‌లో 2014లో మొదలైన ఎంపతీ ల్యాబ్ అనే సంస్థ 2017 నుంచి ఏటా జూన్‌లో ఎంపతీ డే జరుపుతోంది, పిల్లలు చదవాల్సిన పుస్తకాల జాబితాలు వేస్తోంది. జాబితా మంచిదే. జాబితా చదివి ఊరుకుంటేనే ఇబ్బంది.

మన దగ్గర ఎంపతీకి తెలుగు మాట వెతకడంతోనే మొదలవుతుంది చిక్కు. సానుభూతి అంటే మనకి గుర్తొచ్చేది 'ప్రగాఢ సానుభూతి', చౌరస్తాలో ఫ్లెక్సీ, కింద పది ఫొటోలు. సహానుభూతి అనేది నిఘంటువులో ఉంది, నోట్లో లేదు. ఇంగ్లీషువాళ్లకి కూడా ఎంపతీ పాత మాటేమీ కాదు. ఒక జర్మన్ మాటకి అనువాదంగా 1909లో పుట్టించుకున్నారు. అవతలి దానిలోకి దూరి అనుభవించడం అని ఆ జర్మన్ మాటకి అర్థం. అంటే మన పరకాయ ప్రవేశమే! నటులకి వాడుకుంటున్నాం గానీ, బడికి ఎందుకు పనికిరాదో నాకు తెలీదు.

తెలుగులో పిల్లల పుస్తకాలకి లోటేమీ లేదు. 1945లో 'బాల', 1947 జులైలో 'చందమామ' మొదలయ్యాయి. చందమామ చదివి పెరిగినవాడినే, ఆ ప్రేమ పోదు. కానీ ఆ కథల్లో రాజుగారు, మంత్రి, వ్యాపారి, పండితుడు ఉన్నంత ధారాళంగా చెప్పులు కుట్టేవాడి ఇల్లు ఉండదు. పాఠ్యపుస్తకం కథ ఎలాగూ 'ఈ కథలోని నీతి ఏమిటి?' దగ్గర ఆగుతుంది, రెండు మార్కులకి. తమ ఇంటి తిండి, తమ దేవుళ్లు, తమ పని బడి పుస్తకంలో ఎక్కడా లేవని కంచ ఐలయ్య 1996లోనే ఇంగ్లీషులో రాశారు, ఆ పుస్తకమే తర్వాత తెలుగులో 'నేను హిందువునెట్లయిత?'గా వచ్చింది.

ఆ ఖాళీలోకి నేరుగా దిగిన పని 2008లో హైదరాబాదు నుంచే వచ్చింది. అన్వేషి స్త్రీ అధ్యయన కేంద్రం 'డిఫరెంట్ టేల్స్' పేరుతో ఎనిమిది పుస్తకాలు తెచ్చింది, తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో. దళితుల, ముస్లిముల, పనిచేసుకు బతికేవాళ్ల ఇళ్లలో పిల్లల జీవితం ఉన్న కథలు. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ లాంటివాళ్లు రాశారు. ఈ పుస్తకాల్లో నాకు నచ్చిందేమిటంటే ఎవరూ ఎవరి జాలీ అడగరు. శ్యామల కథలో పొలానికి వెళ్లే పిల్ల తనకొచ్చిన ఆపదని తనే ఎదుర్కొని వస్తుంది. ఖదీర్‌బాబు కథలో ఒక ముస్లిం ఇంట్లో తలకాయ కూర వండుతారు. అంతే. వండటం, తినడం, ఆ సంబరం. పేదపిల్లాడిని చూపించి బాగా ఉన్న పిల్లల చేత అయ్యో అనిపించే కథలు మనకి బోలెడు ఉన్నాయి. ఆ అయ్యోలో చూసేవాడు ఎప్పుడూ ఒకడే, చూడబడేవాడూ ఒకడే.

ఒక ప్రభుత్వ బడిలో కొన్నాళ్లు శనివారం కథల పీరియడ్ తీసుకున్నాను. లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గదిలో ఇనుప బీరువా, తాళం, ఒక రిజిస్టరు. పుస్తకాలు పోతే జీతంలో కోస్తారని భయం, అందుకని తియ్యరు. నా పుస్తకాలు నేనే సంచిలో తీసుకెళ్లేవాడిని. ఒక శనివారం అయిదో తరగతికి ఆ తలకాయ కూర కథ చదివాను. మధ్యలో ఒక అమ్మాయి 'ఛీ' అంది. రెండో వరసలో ఒక పిల్లాడు తల దించుకున్నాడు. నాకు టెన్షన్ వచ్చి, ట్రైనింగులో నేర్పిన ప్రశ్న అడిగేశాను: 'ఎవరైనా మీ ఇంటి అన్నాన్ని ఛీ అంటే మీకెలా ఉంటుంది?' క్లాసంతా రాగం తీసింది, 'బాధేస్తది సార్' అని. రెండు మార్కుల జవాబు. ఛీ అన్న పిల్ల కూడా అందరితో కలిసి పాడింది.

పుస్తకం మూసి ఊరికే ఉండిపోయాను. కాసేపటికి ఆ పిల్లే వెనక్కి తిరిగి వాడిని అడిగింది, 'నాలుక కూడా తింటరా?' అని. వాడు తలెత్తాడు. ముందు మంట మీద బాగా కాలుస్తారనీ, కత్తితో బొచ్చంతా గీకుతారనీ, పసుపు రాసి కడుగుతారనీ మొదలుపెట్టాడు. గీకే పని ఇంట్లో తనదేనట. భేజా మాత్రం చెల్లెలికి ఇవ్వాల్సొస్తుందట, చిన్నది కదా అని. 'మా ఇంట్ల గూడ అంతే, మీగడ మొత్తం తమ్మునికే' అంది ఆ పిల్ల. బెల్లు కొట్టేదాకా మిగతా పేజీలు చదవడం కుదరలేదు.