డబ్బాలో బోర్డు ఎలా కూర్చోవాలి

బుజ్జికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

నీళ్లు నిండగానే మోటారుని ఆపడానికి మీరు చేస్తున్న కంట్రోలర్ వీడియో చూశాను. బకెట్ నిండగానే రిలే (కరెంటుతో నడిచే స్విచ్) టక్కుమనడం, ఎల్‌ఈడీ ఆరిపోవడం మూడుసార్లు తిప్పి తిప్పి చూశాను. చాలా సంతోషం వేసింది. కానీ చివర్లో ఆర్డ్యునో బోర్డునీ (దాన్ని నడిపే చిన్న కంప్యూటర్) రిలేనీ స్వీట్ల డబ్బాలో పెట్టి, మూత పెట్టేసి, "అయిపోయింది తాతయ్యా" అన్నారు చూడండి, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. ఇంకా సగం పని ఉంది. ఫోన్లో చెబితే మర్చిపోతారని కూర్చుని రాస్తున్నాను.

మీరు పుట్టకముందు మన ఇంటి మోటారుకి నేనే ఒక కంట్రోలర్ చేశాను. మేడ మీద రేకు డబ్బా, లోపల రిలే బోర్డు. బోర్డుని డబ్బాకి తగలకుండా ఎత్తి నిలిపే చిన్న గొట్టాలు, అంటే స్పేసర్ల కోసం బజారుకి వెళ్లడానికి బద్ధకించి, రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేపుతో బోర్డుని డబ్బా లోపల అంటించేశాను. చలికాలమంతా బాగానే నడిచింది. మే నెల ఎండకి రేకు కాగి, జిగురు మెత్తబడి, బోర్డు మెల్లగా జారింది. వెనకవైపు టంకం మొనలు రేకుకి తగిలాయి. వాటిలో ఒకటి 230 వోల్టుల లైనుది. డబ్బాకి ఎర్త్ కూడా ఇవ్వలేదు నేను. మీ నానమ్మ బట్టలు ఆరేస్తూ తడి చేత్తో దాన్ని తాకింది. షాక్ కొట్టి వెనక్కి పడిపోయింది. దేవుడి దయవల్ల దెబ్బేమీ తగల్లేదు. ఆ తప్పు నాదే. ఆ రోజు నుంచి బోర్డుని టేపుతోనో గ్లూ గన్‌తోనో నిలబెట్టడం మానేశాను.

మీ బోర్డుని ఒకసారి తిరగేసి వేలితో మెల్లగా తడమండి. కత్తిరించిన పిన్నుల మొనలు గుచ్చుకుంటాయి. అవి దేనికీ తగలకుండా బోర్డు గాలిలో నిలబడాలి. అందుకే స్పేసర్లు. నైలాన్‌వి, 10 మిల్లీమీటర్ల ఎత్తువి చాలు. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే విడిగా ఇస్తారు. దొరక్కపోతే పాత బాల్‌పెన్ను గొట్టాన్ని నాలుగు సమాన ముక్కలుగా కోసి, వాటి మధ్యనుంచి పొడవైన స్క్రూ దూర్చినా సరిపోతుంది. ప్లాస్టిక్ డబ్బాకి ఇవెందుకు అంటారేమో. లోపల రాలిన చిన్న వైరు ముక్క బోర్డు కింద చేరితే చాలు, షార్ట్ అవుతుంది.

ఇక కన్నాల సంగతి. మీ ఆర్డ్యునో ఊనో బోర్డులో నాలుగు రంధ్రాలున్నాయి కదా, అవి దీర్ఘచతురస్రం మూలల్లో ఉన్నట్టు కనిపిస్తాయి కానీ ఉండవు. స్కేలుతో కొలిచి గీశారంటే తప్పకుండా తేడా వస్తుంది. తెల్లకాగితం మీద బోర్డు పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌ని రంధ్రాల్లోంచి నిలువుగా దించి గుర్తులు పెట్టండి. ఆ కాగితాన్ని డబ్బా అడుగున టేపుతో అంటించి, గుర్తు మధ్యలో మేకు మొనతో చిన్న గుంట పెట్టండి. గుంట లేకపోతే ప్లాస్టిక్ మీద డ్రిల్ జారిపోతుంది. ముందు 1.5 మిల్లీమీటర్ల బిట్, తర్వాత 3.2. ఎం3 స్క్రూ (3 మిల్లీమీటర్ల మందంది) అందులో హాయిగా దిగుతుంది. ఆ సమయంలో నాన్న పక్కన ఉండాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఊనోలో ఒక రంధ్రం పిన్నుల సాకెట్‌కి ఆనుకుని ఉంటుంది. అక్కడ పెద్ద తల స్క్రూ పట్టదు. బలవంతం చేయకుండా ఆ ఒక్కటీ వదిలేయండి, మిగతా మూడూ చాలు.

స్క్రూల్ని ఒక్కొక్కటే చివరిదాకా బిగించకండి. ముందు అన్నిటినీ వదులుగా ఎక్కించి, తర్వాత ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా తిప్పండి. చెయ్యి ఆగిన చోట మీరూ ఆగండి. ఇంకా తిప్పితే బోర్డు వంగుతుంది. వంగిన బోర్డు మీద చిన్న సిరామిక్ కెపాసిటర్లు కంటికి కనపడకుండా చిట్లిపోతాయి. తర్వాత ఎందుకు పనిచేయట్లేదో తెలియక రోజుల తరబడి వెతుక్కోవాలి.

వైర్ల గురించి నాకు పట్టింపు ఎక్కువ. వీడియోలో చిన్నోడు డబ్బాని వైరు పట్టుకుని ఎత్తాడు. ఆ బరువంతా టంకం మీద పడింది! వైరు లోపలికి వచ్చే కన్నానికి రబ్బరు బుష్ పెట్టి, లోపలివైపు కేబుల్ టై గట్టిగా బిగించండి. బయట ఎవరు లాగినా ఆ టై దగ్గరే ఆగాలి. టై నుంచి బోర్డుదాకా వైరు కాస్త వదులుగా ఉండాలి. బుష్‌ వల్ల ఇంకో లాభం, చీమలూ బల్లులూ లోపలికి రావు. వెచ్చగా ఉండే చోటు వాటికి ఇష్టం. చనిపోయిన బల్లి వల్ల షార్టయిన స్టార్టర్ డబ్బాలు మన పొలాల్లో ఎన్ని చూశానో! గాలి కన్నాలు పెడితే వాటికి సన్నని దోమతెర ముక్క అంటించండి.

బుజ్జి తర్వాత వైఫై బోర్డు పెడతానంది కదా. దానికి రేకు డబ్బా వద్దు, సిగ్నల్ బయటికి రాదు. ప్లాస్టిక్‌దే తీసుకుని, యాంటెన్నా ఉన్న అంచుని డబ్బా పక్కగోడవైపు పెట్టమ్మా. దాని పక్కన వైర్ల కట్ట ఉండకూడదు.

మీరు 5 వోల్టుల వైపు మాత్రమే ముట్టుకోండి. మోటారు లైను పని ఎలక్ట్రీషియన్‌దే. మోటారుని మీ చిన్న రిలే నేరుగా మొయ్యలేదు, ఆయన మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటు మోసే పెద్ద రిలే లాంటిది) పెడతాడు. ఆ 230 వోల్టుల వైర్లు ఒక పక్కన, మీవి ఇంకో పక్కన, మధ్యలో ప్లాస్టిక్ అడ్డు ఉండేలా ఇప్పుడే చోటు వదలండి. అంటే స్వీట్ల డబ్బా చాలదు, ఎలక్ట్రికల్ షాపులో పీవీసీ జంక్షన్ బాక్సు కొనాలి. బోర్డు, రిలే పక్కపక్కన పెట్టి పొడవు, వెడల్పు కొలిచి నాకు పంపండి. యూఎస్‌బీ ప్లగ్గు బయటికి వచ్చే జాగా కూడా కొలతలో కలపండి, అందరూ మర్చిపోయేది అదే. సెలవులకి వచ్చేలోపు నేను బాక్సు తెచ్చి, డ్రిల్ బిట్లు పదును పెట్టించి ఉంచుతాను.

మీ తాతయ్య