అమ్మ పేరు మీదున్న ఇల్లు, నర్సింగ్ హోమ్ బిల్లు: అయిదేళ్ల రూల్ ఎలా వచ్చింది

ముందే చెప్పేస్తున్నా, అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లో డాక్టర్ దంపతులు నడుపుకునే పది పడకల ఆస్పత్రి కాదు. తనంతట తాను లేవలేని, స్నానం కూడా చేసుకోలేని పెద్దవాళ్లు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే చోటు. చాలా చోట్ల నెలకి ఎనిమిది, పది వేల డాలర్లు అవుద్ది. ఈ మాట వినగానే పక్కనున్న ఎవరో ఒకరు ఇచ్చే సలహా, ఇల్లు పిల్లల పేర్న రాయించెయ్యండి, మెడికెయిడ్ (పేదల వైద్యం ఖర్చు సర్కారే కట్టే పథకం) వచ్చేస్తది అని. ఒకప్పుడు అది నిజంగానే పనిచేసింది, చిక్కంతా అక్కడే.

1965 జులై 30న అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్ల కోసం సర్కారు ఆరోగ్య బీమా), మెడికెయిడ్ కవల పిల్లల్లా పుట్టాయి. మెడికేర్ నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేది హాస్పిటల్ నుంచి వచ్చాక మహా అయితే 100 రోజులు, అందులోనూ పూర్తిగా కట్టేది మొదటి 20 రోజులకే. ఆ తర్వాత సొంత డబ్బు, అదీ కరిగిపోయాక మెడికెయిడ్. అదేమో పేదల కోసం పెట్టింది, చాలా రాష్ట్రాల్లో ఒంటరి మనిషి దగ్గర 2,000 డాలర్లకి మించి ఉండకూడదు, ఉంటున్న ఇల్లూ ఓ కారూ లాంటివి పక్కన పెడితే. ఇంకేముంది, కాగితం మీద పేదవాళ్లయిపోవడం మొదలైంది.

ప్రభుత్వం ఊరుకోలేదు. ఆస్తి పంచేసి వచ్చారా అని రెండేళ్లు వెనక్కి చూడొచ్చని 1980లో రాష్ట్రాలకి వీలిచ్చారు, 1988లో 30 నెలలు చేసి తప్పనిసరి అన్నారు, 1993లో 36 నెలలు. ఆ 1993 చట్టమే ఇంకో మెలిక పెట్టింది, మనిషి పోయాక మెడికెయిడ్ పెట్టిన ఖర్చుని రాష్ట్రాలు ఆ ఇంటి మీంచి రాబట్టాల్సిందే అని. 1996లో అయితే మరీ విడ్డూరం, అప్లై చేయడం కోసం ఆస్తి ఇచ్చేస్తే నేరమే అన్నారు, జనం దానికి ‘బామ్మని జైలుకి పంపే చట్టం’ అని పేరు పెట్టారు. గోల అయ్యాక 1997లో బామ్మని వదిలేసి ఫీజు తీసుకుని సలహా ఇచ్చే లాయర్ మీద పడ్డారు, 1998లో అప్పటి అటార్నీ జనరల్ జానెట్ రెనోనే దాన్ని అమలు చేయం అనేశారు.

అసలు దెబ్బ 2006 ఫిబ్రవరి 8న బుష్ సంతకం పెట్టిన చట్టం. అంతకుముందు లాయర్లు చెప్పే లెక్క ఇలా ఉండేది: అమ్మ దగ్గర లక్ష డాలర్లుంటే 50 వేలు పిల్లలకిచ్చెయ్, నెలకి పదివేల లెక్కన అయిదు నెలల పెనాల్టీ పడుద్ది, అంటే ఆ అయిదు నెలలు మెడికెయిడ్ కట్టదు, అది ఇచ్చిన నెల నుంచే నడుస్తది కాబట్టి మిగతా 50 వేలతో ఆ అయిదు నెలలూ గడిచిపోతాయి, సగం మిగిలినట్టే. కొత్త చట్టం వెనక్కి చూసే కాలాన్ని 60 నెలలు చేసింది, అంతకన్నా ముఖ్యంగా పెనాల్టీ మొదలయ్యే రోజుని మార్చింది. ఇప్పుడది అమ్మ నర్సింగ్ హోమ్‌లో చేరి, డబ్బంతా అయిపోయి, అప్లై చేశాకే మొదలవుద్ది. అంటే చేతిలో పైసా లేని టైమ్‌లో అయిదు నెలల బిల్లు, ఎవరు కడతారు?

మనవాళ్లు తడబడేది ఇంకోచోట. గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకి మామూలుగా మొదటి అయిదేళ్లు మెడికెయిడ్ రాదు, అది 1996 వెల్ఫేర్ చట్టం, ఆస్తి పంచారా అని వెనక్కి చూసే అయిదేళ్ల లెక్క వేరు. రెండూ ఒకటే అనుకుని, అయిదేళ్లు దాటాయిగా అని నిరుడు ఊళ్లో పొలం అమ్మి చెల్లెలికి పసుపుకుంకుమ కింద ఇచ్చింది చెప్పకుండా అప్లికేషన్ పెడతారు. అదీ లెక్కలోకొస్తది. మన దృష్టిలో ఆడపిల్ల హక్కు, వాళ్ల ఫారంలో ఊరికే ఇచ్చేసిన ఆస్తి.

ఒక మినహాయింపు మాత్రం ఉంది. అమ్మ నర్సింగ్ హోమ్‌లో చేరే ముందు కనీసం రెండేళ్లు అదే ఇంట్లో ఉండి, ఆమె ఇంట్లోనే ఉండగలిగేలా చూసుకున్న కొడుక్కో కూతురికో ఇల్లు రాసిచ్చినా పెనాల్టీ లేదు. కాకపోతే రుజువు కావాలి, ఆ అడ్రస్‌తో లైసెన్సు, టాక్స్ కాగితాలు, డాక్టర్ లెటర్.

కాలిఫోర్నియా అయితే 2024 జనవరి 1న ఆస్తి పరిమితే ఎత్తేసింది, అమ్మయ్య అనుకునే లోపు 2026 జనవరి 1 నుంచి 1,30,000 డాలర్ల పరిమితి మళ్లీ తెచ్చింది.