వాన నీళ్లు, బోరు నీళ్లు

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు సాధన చేస్తున్న ఒక పాఠకురాలి ప్రశ్న ఇది: "నాలుగు నెలలుగా ఒక్క రోజూ మానకుండా కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెడుతున్నాను. పోయిన నెల తేలిగ్గా ఉన్న కాళ్లు ఇప్పుడు బరువెక్కాయి. చేసిందంతా వృథాయేనా?"

కాదమ్మా. అమీర్‌పేటలో జోరువాన పడిన సాయంత్రాన్ని గుర్తు చేసుకోండి. రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి. అదే వాన మట్టి కనిపించిన చోటల్లా ఇంకి బోర్లలో నీటిమట్టాన్ని పెంచుతుంది. రోడ్డు మీది నీళ్లు అందరికీ కనిపిస్తాయి, త్వరగా పోతాయి. ఇంకిన నీళ్లు ఎవరికీ కనిపించవు, నెలల తరబడి ఉంటాయి. ప్రతి పరుగూ ఇలాంటి వానే. అలసట రోడ్డు మీద నిలిచిన నీరు, దార్ఢ్యం (ఫిట్‌నెస్) బోరులో చేరిన నీరు. మీరు ఇప్పుడు చూస్తున్నది రోడ్డును మాత్రమే.

వ్యాయామ శాస్త్రవేత్త ఎరిక్ బానిస్టర్ బృందం 1975లో ప్రతిపాదించిన గణిత నమూనాకు మూలం ఇదే. తర్వాత వాడుకలోకి వచ్చిన సరళ రూపంలో, ఒక పరుగు కలిగించే అలసటను దార్ఢ్యానికి రెట్టింపుగా తీసుకుంటారు. అలసట 15 రోజుల్లో 37 శాతానికి తగ్గుతుంది. దార్ఢ్యం అంతే తగ్గడానికి 45 రోజులు పడుతుంది. రెండు వక్రరేఖలూ గీస్తే దాదాపు 16వ రోజున కలుస్తాయి. అంటే ఈరోజు పరుగు అప్పటిదాకా నష్టమే, లాభం ఆ తర్వాతే. మనిషిని బట్టి ఈ అంకెలు మారతాయి, రేఖల తీరు మారదు. బడిలో ఘాతీయ క్షయాన్ని, అంటే సమాన కాలాల్లో ఒకే నిష్పత్తిలో తగ్గడాన్ని, రేడియోధార్మికతతోనే ఎందుకు ఆపేస్తారో నాకు అర్థం కాదు. పిల్లల కాళ్లలోనే ఆ పాఠం ఉంది కదా!

వానను, అంటే పరుగు భారాన్ని, కొలవడం సులువు. వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో, పరుగు ఎంత కష్టమనిపించిందో 10కి మార్కులు వేసి నిమిషాలతో గుణించాలి. 60 నిమిషాలు, కష్టం 6 అయితే భారం 360. దీన్ని రోజూ రాసుకోండి. ఒళ్లు నొప్పి పుడితేనే ఫలితం అన్న నమ్మకాన్ని మాత్రం వదిలేయండి. నొప్పి కొలబద్ద కాదు.

నడుము బలానికి ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నిలిపి ఉంచే వ్యాయామం) చేస్తున్నానని కూడా రాశారు. మంచిదే. అయితే వాన పడిన చోటే నీరు ఇంకుతుంది. ప్లాంక్ సమయం పెరిగినంత మాత్రాన పరుగు వేగం పెరగదు.

పోటీకి ముందు చివరి రెండు వారాలు దూరాన్ని సగానికి తగ్గించండి, వేగం తగ్గించకండి. పదో రోజుకల్లా కాళ్లు తేలికపడవచ్చు. అప్పుడు పరీక్షించుకుందామని సుదీర్ఘ పరుగు తీయకండి. ఆ వాన పోటీనాటికి బోరుకు చేరదు, నెక్లెస్ రోడ్డు మీదే నిలుస్తుంది.