గంజాం తీరం: కడలిలో కొలత కుదిరిన క్రమం

ఒడిశాలో రుషికుల్య నది మొగ దగ్గర పొడంపేటలో తెలుగు మత్స్యకారుల ఇళ్లను సముద్రం కోసేసిన తరువాత, గంజాం తీరం ఎంత వెనక్కి జరిగిందన్నది పెద్ద వివాదాంశమైంది. జవాబు చెప్పాలంటే ఏళ్ల తేడాతో జరిగిన సర్వేలు సముద్రంలో ఒకే చోటును కొలిచి ఉండాలి.

మన జాలర్లు తీరంపై గుర్తులను ఒకదానితో ఒకటి వరస కలిపి వల వేసే చోటును పోల్చుకుంటారు. సర్వేయర్లు కూడా సెక్స్‌టెంట్‌తో మూడు తీర గుర్తుల మధ్య కోణాలు కొలిచి పడవ స్థానాన్ని గుర్తించేవారు. తీరం కనుమరుగైతే రెండూ పనిచేయవు.

ఆ లోటును రేడియో తీర్చింది. 1944లో నార్మండీ దాడిలో వాడిన, రేడియో తరంగాలతో ఓడలకు దారి చూపే డెక్కా పద్ధతి నుంచే సర్వేలకు పనికొచ్చే హై-ఫిక్స్ వచ్చింది. తీరంలో తాత్కాలికంగా నిలిపిన స్టేషన్ల తరంగాల దశల (ఎత్తుపల్లాల వరసలో అవి ఉన్న చోటు) తేడాను పడవలో కొలిస్తే, స్థానం కొన్ని మీటర్ల లోపు తెలిసేది. అయితే అది దశల తేడా ఒక చుట్టు పూర్తయ్యే పట్టీలైన ‘లేన్’లను వరసగా లెక్కపెట్టే పద్ధతి కనుక, సంకేతం ఒక్క క్షణం తెగినా లెక్క తప్పి, స్థానం తెలిసిన బోయా (నీటిపై తేలే గుర్తు) దగ్గరికి తిరిగి వెళ్లి మొదలుపెట్టాల్సి వచ్చేది. రాత్రివేళ పై వాతావరణంలోని అయనోవరణం నుంచి పరావర్తనమైన తరంగాలు కలిసి కొలతను మరింత చెడగొట్టేవి.

తరువాత బాలాసోర్, డైమండ్ హార్బర్, కటక్ దగ్గరి పటాపూర్‌లలో సంకేతాలు చేరే సమయాల తేడాతో స్థానం చెప్పే 100 కిలోహెర్ట్జ్ లోరాన్-సి రేడియో స్టేషన్లు వెలిశాయి. అవి ఓడలకు మేలు చేశాయి. గంజాంకు మాత్రం అంతగా అక్కరకు రాలేదనే నా అభిప్రాయం. బాలాసోర్, పటాపూర్‌లను కలిపే గీతను నైరుతికి పొడిగిస్తే అది గోపాల్‌పూర్ దాపుల్లోకి వస్తుంది. అలాంటి పొడిగింపు రేఖ దగ్గర సంకేతాల రాక సమయంలో చిన్న తప్పు కూడా స్థానంలో పెద్ద తప్పవుతుంది.

జీపీఎస్ మొదట్లో పౌరులకు సుమారు 100 మీటర్ల ఖచ్చితత్వమే ఇచ్చింది. సంకేతంలో కావాలని కలిపిన లోపమే దానికి కారణం; దాన్ని అమెరికా 2000 మేలో తొలగించింది. తీర బీకన్ల నుంచి దిద్దుబాట్లు పంపే డీజీపీఎస్ తప్పును కొన్ని మీటర్లకు దించగా, తెలిసిన బిందువుపై బేస్ (స్థిర రిసీవర్) నిలిపి రేడియోతో దిద్దుబాటు పంపే ఆర్‌టీకే సెంటీమీటర్లకు తెచ్చింది. కోతకు గురయ్యే ఇసుకపై బేస్ నిలవదు కనుక, దాన్ని లోపలి గట్టి నేలపైనే నాటాలి.

ఇక స్థానాలను లెక్కగట్టేందుకు భూమి ఆకారానికి నమూనాగా తీసుకునే ఆధారతలం కూడా మారింది: పాత పటాలు ఎవరెస్ట్ ఆధారతలం మీద, జీపీఎస్ డబ్ల్యూజీఎస్-84 అనే ఆధారతలం మీద ఉంటాయి. రెండింటి మధ్య వందల మీటర్ల తేడా వస్తుంది. ఆ మార్పిడి చేయకుండా పాత తీరరేఖను కొత్తదానిపై పరిస్తే, కోత జరగని చోట కోత, జరిగిన చోట మేట కనిపించవచ్చు.